పోస్టాఫీసు తూర్పు గోడ

ఆగస్టు 4, 2025. సోమవారం.

పొద్దున్న తుంపర. మధ్యాహ్నం నుంచి ముసురు. తాపీలకు నూనె రాసి గోనెసంచిలో చుట్టాను. వంటింటి మీద పగిలిన పెంకు మార్చాలి. మార్చలేదు.

మా ఆవిడ తాయారు పాసుబుక్కులో పేరు తప్పు పడిందంటే సరిచేయించడానికి తాలూకా వీధి పోస్టాఫీసుకి వెళ్లాను. అక్కడ ఇంజనీరు ఉన్నాడు. వీధి వైపు తూర్పు గోడ మీద స్క్రూడ్రైవరు ఆనించి బొటనవేలితో నొక్కాడు. సగానికి పైగా దిగిపోయింది. ఇంకోచోట నొక్కాడు. అక్కడా దిగింది. పళ్లెమంత పెళ్ల ఊడి అతని బూటు మీద పడింది.

"గోడ కుళ్లిపోయింది" అన్నాడు. ఎర్ర రంగుతో ఇంటూ గుర్తు పెట్టించాడు.

అతనికి గొడుగు పట్టింది బంగార్రాజు. తను తడుస్తూ ఇంజనీరుకి పట్టాడు. ఒకప్పుడు నాతో జోడీగా తాపీ పట్టినవాడు. ఇప్పుడు కాంట్రాక్టరు.

ఇంజనీరు వెళ్లాక పోస్టుమాస్టరు రూపాదేవిగారు చెప్పారు. ఇరవై ఐదో తారీఖున విశాఖ నుంచి పెద్దాఫీసరు వచ్చి చూసి సంతకం పెడతాడట. సంతకం పడితే ఆఫీసు బంగార్రాజు కొత్త కాంప్లెక్సులో మేడ మీదికి మారుతుంది. ఈ కట్టడాన్ని పడగొడతారు.

వచ్చేటప్పుడు ఆ కాంప్లెక్సు మెట్లు లెక్కపెట్టాను. ఇరవై రెండు.

ఇటుక కుళ్లదు. సున్నం కుళ్లదు. ఇంజనీరుకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఆగస్టు 5.

వాన. పని లేదు. గోడ కుళ్లదు.

ఆగస్టు 7. గురువారం.

వాన వెలిసింది. బావి గట్టు మీద పాచి గీకాను. పెంకు మార్చలేదు.

టేపు పట్టుకుని పోస్టాఫీసుకి వెళ్లాను. గోడ మందం ఇరవై రెండు అంగుళాలు. స్క్రూడ్రైవరు పొడుగు నాలుగు అంగుళాలు. నాలుగు అంగుళాల ఇనప ముక్కతో ఇరవై రెండు అంగుళాల గోడకి తీర్పు చెప్పేశాడు.

ఎప్పుడూ కొలతలు రాసుకోలేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. పడగొట్టినా కాగితం మీద ఉంటుంది. పడగొట్టరు.

ముందు వసారా. ఆరు టేకు స్తంభాలు, పైన పెంకు. ఒక్క స్తంభానికి కూడా చెద పట్టలేదు. లోపల పెద్ద గది, దాని పక్కన ఒకప్పటి టెలిగ్రాం గది. పెద్ద గదికి టేకు దూలాలు, వాటి మీద చిన్న ఇటుకలు నిలువుగా పేర్చి సున్నంతో బిగించిన కప్పు. ఇనుము లేదు, కాంక్రీటు లేదు. కప్పు కిందే గాలి కోసం కమానులు. మే నెలలో కూడా ఆ గదిలో చెమట పట్టదు. కౌంటరుకి ఇత్తడి కమ్మీలు. మనుషులు చేతులు పెట్టేచోట మాత్రం కమ్మీలు సన్నబడ్డాయి. ఉత్తరాల పెట్టెను తగిలించలేదు, గోడ కట్టేటప్పుడే గోడలో పెట్టి కట్టారు. దాని పైన రాతి పలక మీద 1908 అని చెక్కి ఉంది.

నేను బడికి వెళ్లింది రెండేళ్లే. చదవడం ఈ వసారాలోనే నేర్చుకున్నాను. పార్సిళ్ల మీద అడ్రసులు చూసి. చోడవరం అనే మాట అన్నిటి మీదా ఉండేది. అందులో అక్షరాలు దొరికాక మాడుగుల, గోవాడ వాటంతటవే వచ్చాయి.

పడమటి గోడ మీద చెయ్యి వేశాను. కోడిగుడ్డు పెంకులా నున్నగా, పొడిగా ఉంది. అదే సున్నం, అదే ఇటుక.

రూపాదేవిగారు బయటికి వచ్చి అడిగారు.

"తూర్పు గోడ ఒక్కటే ఎందుకు ఇలా అయింది మేస్త్రిగారూ?"

"వానండి. తూర్పుగాలి వాన" అన్నాను.

ఆవిడ తలూపి లోపలికి వెళ్లిపోయారు.

ఆగస్టు 9. శనివారం.

ఎండ. ట్రంకు పెట్టె దులిపాను. పాత డైరీలన్నీ వరసగా పేర్చాను. 1991 నుంచి ఉన్నాయి. ఏ రోజు ఏ ఇంటికి ఎన్ని తట్టల ఇసుక పట్టిందో అన్నీ ఉన్నాయి.

2004 డైరీ కనబడలేదు. ఎలకలు కొట్టేసి ఉంటాయి.

ఆగస్టు 12. మంగళవారం.

మబ్బు. పెరట్లో కాలవ తీశాను. బంగార్రాజు ఇంటికి వచ్చాడు. టీ తాగాడు. పాత సంగతులేవో మాట్లాడి వెళ్లాడు.

ఆగస్టు 13. బుధవారం.

మబ్బు. ఏ పనీ చెయ్యలేదు.

నిన్న రాసింది సరిగా లేదు. బంగార్రాజు మాట్లాడింది పాత సంగతులు కాదు, ఒకే సంగతి.

"ఒరే కొండబాబూ, కూల్చే పని నువ్వే సేసుకో. టేకు దూలాలు జాగర్తగా దింపడం నీకే సేతవుతాది. రెండు దూలాలు నువ్వే అట్టుకుపో" అన్నాడు.

"గోడ బాగానే ఉందిరా" అన్నాను.

నవ్వాడు. టీ గ్లాసు కింద పెట్టాడు.

"బాగుందని ఎవలితో సెప్తావు? ఆ గోడ మీద సిమెంటు ఎవలు కొట్టేరని అడిగితే ఏటి సెప్తావు? నాకు తెలీదా ఏటి? ఇసక జల్లించింది నేనే కదా. నోరు మూసుకుంటే గోడ పోద్ది. నోరిప్పితే నీ పేరు పోద్ది. సూసుకో."

తాయారు గుమ్మంలో నిలబడి అంతా విన్నది. అతను వెళ్లాక ఒక్క మాటే అడిగింది.

"నిజమేనా?"

లేచి వెళ్లి ట్రంకు పెట్టె తెరిచాను.

2004 డైరీని ఎలకలు కొట్టలేదు. పెట్టె అడుగున పాత పంచె కింద ఉంది. ఎక్కడ ఉందో నాకు తెలుసు. అక్కడ పెట్టింది నేనే.

మార్చి 9, 2004: "పోస్టాఫీసు తూర్పు గోడ. పాత సున్నం మెత్తగా ఉంది, గొడ్డలితో గాట్లు పెట్టించాను. పైన సిమెంటు రెండు పూతలు, మూడంగుళాల మందం. పద్నాలుగు బస్తాలు. గోడ రాయిలా అయింది. ఇక వందేళ్లు ఢోకా లేదు."

అప్పటి పోస్టుమాస్టరు అడిగింది వెల్ల వేయమని మాత్రమే. సిమెంటు కొడదామన్నది నేను. సున్నం ముసలి మేస్త్రుల పని అనుకునే రోజులు. సిమెంటు పని ఎవరి దగ్గరా నేర్చుకోకుండా నాకు నేనే పట్టుకున్నాను. తాలూకా వీధి కట్టడం మీద నా చేతిపని కనబడాలనుకున్నాను. కనబడింది.

సున్నం గోడ నేలలోంచి నీరు పీలుస్తుంది, ఎండకి వదిలేస్తుంది. తొంభై ఆరేళ్లు అలాగే చేసింది. నేను దాని ముక్కూ నోరూ మూసేశాను. లోపలి నీరు బయటికి రాలేక సిమెంటు వెనకే నిలిచి, ఆ మూడంగుళాలనీ పిండి చేసింది. ఇంజనీరు స్క్రూడ్రైవరు దిగింది నా పూతలోకి. గోడలోకి కాదు.

ఇది నాకు ఎప్పుడు తెలిసిందని నన్ను నేను అడిగితే, పదేళ్ల కిందటే తెలిసింది. మొదటి ఉబ్బు చూసినప్పుడే. అప్పటి నుంచి ఆ గోడ వైపు చూడకుండా వీధికి అవతలి పక్కన నడుస్తున్నాను.

ఆగస్టు 15. శుక్రవారం.

ఎండ. పోస్టాఫీసులో జెండా ఎగరేశాక రూపాదేవిగారితో మాట్లాడాను. సిమెంటు నాదే అని చెప్పాను. ఇప్పుడే ఒలిచేస్తే పదిరోజుల్లో గోడ ఆరుతుంది, ఆఫీసరుకి అసలు గోడ కనబడుతుంది, ఒలవడానికి పర్మిషను ఇవ్వమని అడిగాను.

ఆవిడ పిల్లలకి పంచే చాక్లెట్టు బిళ్లల పొట్లం ముడి విప్పారు.

"నాకు ఆ అధికారం లేదు మేస్త్రిగారూ. పైకి రాస్తే జవాబు వచ్చేసరికి ఇరవై ఐదు దాటిపోతుంది."

"అంతేనాండి."

"ఆదివారం ఆఫీసుకి తాళం. గోడ బయటి వైపు వీధిలో ఉంది. వీధిలో ఎవరు ఏం చేస్తారో ఇంట్లో ఉన్నదాన్ని నాకెలా తెలుస్తుంది?" అని నా చేతిలో రెండు బిళ్లలు పెట్టారు.

ఆగస్టు 17. ఆదివారం.

ఎండ. బాగా ఎండ. ఉలి, సుత్తి, గునపం. ఆరింటికి మొదలుపెట్టాను. తాయారు తట్ట పట్టుకుని వెనకే వచ్చింది. రావద్దన్నాను.

"ఒంటరిగా నువ్వు ఒలిస్తే దొంగతనమంటారు. పెళ్లాంతో కలిసి ఒలిస్తే పనంటారు. పద" అంది.

సిమెంటు పెచ్చులు పెచ్చులుగా వచ్చింది. కొన్నిచోట్ల ఉలి కూడా అక్కర్లేకపోయింది, చేత్తో పట్టుకుంటే పలకలా ఊడింది. వెనక తడిసిన నేల వాసన. ఎనిమిదయ్యేసరికి వీధిలో జనం. కొండబాబు పోస్టాఫీసు పగలగొడుతున్నాడని గోల.

బంగార్రాజు స్కూటరు మీద వచ్చాడు.

"ఏటి సేత్తన్నావురా? గవర్నమెంటు గోడ మీద సెయ్యేస్తే కేసవుతాది, తెలుసా?"

"తెలుసు."

"తెలిసీ సేత్తన్నావా?"

"తెలిసే సేత్తన్నాను. తెలీక సేసింది రెండువేల నాలుగులో. ఇసక జల్లించేవు కదా, మర్సిపోయేవా?"

ఎవరో నవ్వారు. బంగార్రాజు నవ్వినవాడి కోసం చూశాడు, దొరకలేదు. ఫోను తీసి గోడకీ నాకూ ఫొటోలు తీశాడు.

"తాయారుని కూడా తియ్యరా. తట్ట మోసింది" అన్నాను.

"నా మొహం కూడా బాగా పడాల. సెమట తుడుసుకుంటాను ఉండు" అంది తాయారు. పైట చెంగుతో తుడుచుకుని మరీ నిలబడింది.

నాలుగింటికి గోడంతా బయటపడింది. ఎర్ర గుర్తు పెచ్చులతో పాటే తట్టలోకి పోయింది. ఇటుక ఇటుకలాగే ఉంది. ఇటుకల మధ్య దరజుల్లో సున్నం రాయిలా ఉంది. అక్కడక్కడా మిగిలిన పాత పూత మాత్రం నేను పెట్టించిన గాట్లతో నిండి ఉంది. గొడ్డలి దెబ్బలు. ఒక గజం చదరంలో లెక్కపెట్టాను, నూట పన్నెండు. మిగతావి లెక్కపెట్టలేదు.

ఆగస్టు 18. సోమవారం.

ఎండ. స్టేషనుకి రమ్మన్నారు, వెళ్లాను. మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చున్నాను. ఏం చదువుకున్నావని అడిగారు. పార్సిళ్లు అన్నాను. మళ్లీ అలా చెయ్యనని రాసి సంతకం పెట్టమన్నారు. మళ్లీ సిమెంటు కొట్టనని రాసి సంతకం పెట్టాను. చదివినాయన నా మొహం చూసి కాగితం మడిచి సొరుగులో పెట్టుకున్నాడు.

వస్తూ గోడ చూశాను. మీద తెల్లగా ఉప్పు పూసింది. నీరు బయటికి వస్తోంది.

ఆగస్టు 19.

ఎండ. ఉప్పు తుడిచాను. పెంకు మార్చలేదు. రేపోమాపో వాన వస్తుందని తాయారు పొయ్యి మీద గొడుగు కట్టింది.

ఆగస్టు 21. గురువారం.

ఎండ, సాయంత్రం మబ్బు. గుల్ల సున్నం తొట్టెలో వేసి నీరు పోశాను. తొట్టె ఉడికింది. ఆ చప్పుడు విని ఇరవై ఏళ్లు దాటింది.

మాడుగుల బస్సు మీద కరక్కాయలు వచ్చాయి. ఇక బెల్లం కావాలి. సున్నంలో కరక్కాయ నీరు, పులిసిన బెల్లప్పానకం కలిపితే పూత వానకి కరగదు. ముసలి మేస్త్రులు చేస్తుంటే చూశాను. అప్పుడు నవ్వాను.

బెల్లం దుకాణం నూకరత్నం నేను నల్లబెల్లం పది దిమ్మలు అడిగేసరికి కళ్లు చిన్నవి చేసింది.

"ఏటి మేస్త్రీ, ఈ వయసులో బట్టీ ఎట్టేవా?"

"సారాకి కాదు. పోస్టాఫీసు గోడకి."

"గోడకి తాపుతావా? మా ఆయనే నయం, తనే తాగీవోడు." నవ్వి, పేరూ ఊరూ రాయమని రిజిస్టరు ముందుకి తోసింది. "నల్లబెల్లం ఎవలికమ్మినా పని రాయాల. ఏటి రాయను?"

నేనే రాశాను. పని: తూర్పు గోడ.

ఆమె చదివి అంది, "ఇరవై ఐదున ఆ ఆఫీసరు కూల్చీమంటే ఈ పానకమంతా ఏటి సేత్తావు?"

"కూల్చమనడు."

"ఒకేళ అన్నాడంటే?"

"నేను పక్కకి జరగను."

రెండు దిమ్మలు ఎక్కువ వేసింది. వద్దన్నా తీయలేదు. తన పింఛను కూడా ఆ కౌంటరులోనే వస్తుందట, మోకాళ్లు మేడ ఎక్కవట.

ఆగస్టు 23.

వాన. రాత్రంతా పడింది. టార్పాలిను కట్టాను కానీ గాలికి కింది మూల ఎగిరింది. మూరెడు తడిసింది. పొద్దున్నే వెళ్లి చూశాను. పదింటికి ఎండ వచ్చింది, పన్నెండింటికి ఆరిపోయింది. ఇరవై ఏళ్లలో మొదటిసారి ఆ గోడ రెండు గంటల్లో ఆరింది.

ఆగస్టు 25. సోమవారం.

ఎండ. గడ్డం గీసుకున్నాను. ఉతికిన చొక్కా. 2004 డైరీ సంచిలో పెట్టుకున్నాను.

పదకొండింటికి పెద్దాఫీసరు వచ్చాడు. వెనక ఇంజనీరు, పక్కన బంగార్రాజు. ఈసారి గొడుగు అక్కర్లేకపోయినా పట్టుకునే ఉన్నాడు. ఇంజనీరు ఒలిచిన గోడ చూసి ఆగిపోయాడు. తన ఎర్ర గుర్తు కోసం వెతికాడు.

"నొక్కండి సార్, మళ్లీ నొక్కండి" అన్నారు రూపాదేవిగారు.

అదే స్క్రూడ్రైవరు తీసి ఇటుక మీద ఆనించి నొక్కాడు. జారింది. దరజులో పెట్టి రెండు చేతులతో నొక్కాడు. మొన కొంచెం వంగింది. ఎక్కడా దిగలేదు.

బంగార్రాజు గబగబా అందుకున్నాడు. "సార్, ముందు ఆ సిమెంటు ఎవలు కొట్టేరో అడగండి సార్."

ఆఫీసరు ఎవరని అడగకముందే చెప్పాను.

"నేనేనండి. కొండబాబు, తాపీ మేస్త్రిని. గోడలో తప్పు లేదు, తప్పు నాది. తొంభై ఆరేళ్లు బాగున్నదాన్ని నేను ఇరవై ఏళ్లలో పాడు సేసేను."

వీధిలో ఇంతమంది ఉంటారని అనుకోలేదు. నూకరత్నం కూడా ఉంది. నేనెప్పుడూ ఇంతమంది ముందు అంత పెద్ద మాట మాట్లాడలేదు. బంగార్రాజు చేతిలో ఇక ఏమీ మిగల్లేదు. గొడుగు మూశాడు.

"రుజువేంటి?" అన్నాడు ఆఫీసరు.

డైరీ తీశాను. మార్చి తొమ్మిది పేజీ చించి, కింద పేరు రాసి సంతకం పెట్టి ఇచ్చాను. ముప్పై నాలుగేళ్లలో నేను డైరీలో కాగితం చించడం ఇదే మొదలు. ఆయన పైకి చదివాడు. "ఇక వందేళ్లు ఢోకా లేదు" దగ్గర ఆగి కళ్లద్దాల మీంచి చూశాడు.

"ఇది నువ్వు రాసిందేనా?"

"నేనేనండి."

"అబద్ధమైంది కదా."

"అయిందండి. అందుకే సించి ఇస్తన్నాను. దాసుకోలేక."

ఆయన ఇంజనీరుతో పక్కకి వెళ్లి మాట్లాడాడు. తిరిగి వచ్చి, సంతకం ఇప్పుడు పెట్టనన్నాడు. ఆఫీసు ఎక్కడికీ మారదు, దసరా వెళ్లాక మళ్లీ పరీక్ష, ఈలోగా గోడని ఎవరూ ముట్టుకోకూడదన్నాడు.

"ముట్టుకోకపోతే వాన తాగుద్దండి. సున్నం నానిపోయింది. రేపు మొదలెడతాను" అన్నాను.

"ఎవరి పర్మిషనుతో?"

"ఆ కాగితంలో ఉందండి. పాడు సేసినోడి పేరు ఉంది. బాగు సేసే బాధ్యత ఇంకెవలికుంటాది?"

ఆయన సరేననలేదు. వద్దని రెండోసారి కూడా అనలేదు. కారెక్కాడు.

ఆఫీసరు ఇచ్చి వెళ్లిన ఆ పేజీని రూపాదేవిగారు కౌంటరు మీద పరిచి, తారీఖు ముద్ర సిరాలో అద్ది, నా సంతకం పక్కన గట్టిగా కొట్టారు. ఫైల్లో పెట్టే ముందు నాకు చూపించారు. తప్పు ఒప్పుకున్న కాగితం మీద పోస్టాఫీసు గుండ్రటి ముద్ర. చోడవరం. నేను చదివిన మొదటి మాట.

ఆగస్టు 26. మంగళవారం.

తెల్లవారుజామున చిన్న జల్లు, తర్వాత ఎండ. పానకం పులిసింది, మూత తీస్తే వీధి చివరి దాకా వాసన. వాసన పట్టి ఇద్దరు తాగుబోతులు వచ్చి సంగతి తెలిసి నిరాశగా వెళ్లిపోయారు.

తూర్పు గోడ. కింద నుంచి మూడడుగులు, ఉత్తరాల పెట్టె దాకా. సున్నం ఒకటి, ఇసుక రెండు. కరక్కాయ నీరు, బెల్లప్పానకం. సిమెంటు లేదు. పాత గాట్లలో కొత్త సున్నం బాగా పట్టింది. గొడ్డలి దెబ్బలు అందుకైనా పనికొచ్చాయి. ఎన్నేళ్లు ఉంటుందో రాయను.

పన్నెండింటికి బంగార్రాజు వచ్చి ఎదురుగా స్కూటరు ఆపుకుని కూర్చున్నాడు. మళ్లీ ఫొటోలు తీశాడు. కేసు పెడతానన్నాడు. పెట్టమన్నాను. కాసేపు చూసి, "పూత పల్సగా లాగరా, సున్నం సిమెంటు కాదు" అన్నాడు. పల్చగానే లాగుతున్నాను. అది అతనికి గుర్తున్నందుకు ఏమీ అనలేదు.

రేపు పెట్టె పైన 1908 పలక చుట్టూ. దానికి సన్న తాపీ కావాలి. మూడు రోజుల్లో గోడ పూర్తవుతుంది. ఈలోగా ఎవరు ఏ కాగితం తెచ్చినా తీసుకుంటాను, జేబులో పెట్టుకుంటాను, పని ఆపను.

తాయారు కేకేస్తోంది. మళ్లీ మబ్బు పట్టిందట, పొయ్యి మీద గొడుగు ఈసారి కట్టదట, ఊరి గోడలకి పానకం తాపే మేస్త్రికి ఇంటి కప్పు కనబడదా అని అడుగుతోంది. నిచ్చెన గోడకి ఆనించి తనే పట్టుకుని నిలబడింది. వంటింటి మీద పెంకు మార్చడానికి లేస్తున్నాను.